రేవు లేని మద్రాసును నీటి రంగుల్లో మిగిల్చిన జార్జ్ చినరీ

1802 డిసెంబర్. ఇంగ్లండ్ నుంచి నెలల తరబడి ప్రయాణించిన ఓడ ఒకటి మద్రాసు చేరుకుంది. చేరుకుందన్న మాటే గానీ ఒడ్డుకు రాలేదు. కోటకు దూరంగా, లోతు నీళ్లలో లంగరు వేసి ఆగిపోయింది. ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థిరపడి 160 ఏళ్లు దాటినా మద్రాసుకు రేవు లేదు. వరస వెనక వరసగా విరిగే అలలను దాటి ఇసుక మీద కాలు పెట్టాలంటే గవర్నరైనా గుమాస్తా అయినా స్థానిక పల్లెకారుల పడవ ఎక్కాల్సిందే. ఓడలో తెచ్చుకున్న గట్టి చెక్క పడవను దింపితే, నేల తగిలిన దెబ్బకు అది పగిలిపోయే ప్రమాదం ఉండేది.

అలా ఎగిరిపడుతూ ఒడ్డు చేరినవారిలో 28 ఏళ్ల చిత్రకారుడు ఒకరున్నారు. పేరు జార్జ్ చినరీ. దొరల ముఖాలు నూనె రంగుల్లో చిత్రించి డబ్బు సంపాదించాలని వచ్చారు. సంపాదించారు, అంతకు మించి అప్పులూ చేశారు. అయితే తర్వాతి 50 ఏళ్లలో, ఎవరూ అడగకపోయినా, ఎవరూ డబ్బు ఇవ్వకపోయినా ఆయన పదే పదే వేసినవి వేరే ఉన్నాయి. సముద్రం ఒడ్డు, పడవలు, ఆ ఒడ్డున పని చేసుకునే మనుషులు. పెన్సిల్, కలం, కాసిన్ని నీటి రంగులతో వేసిన ఆ చిన్న కాగితాలే ఈరోజు చినరీ పేరును నిలబెడుతున్నాయి. ఎందుకంటే ఆ కాగితాల మీదున్న తీరాలు ఇప్పుడు లేవు.

రాత నేర్పే ఇంటి నుంచి

చినరీ 1774 జనవరి 5న లండన్‌లో పుట్టారు. అందమైన చేతిరాత నేర్పడం ఆ కుటుంబానికి తరాలుగా వస్తున్న విద్య. జార్జ్‌కు దానితో పాటు గర్నీ పద్ధతి షార్ట్‌హ్యాండ్ కూడా అబ్బింది. చిన్నప్పుడు నేర్చుకున్న ఆ గీతల భాష చివరిదాకా ఆయన చేతిని వదల్లేదు.

1792లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరారు. తర్వాత సముద్ర చిత్రాలతో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన టర్నర్ కూడా ఆ రోజుల్లో అక్కడే విద్యార్థి. 1796లో చినరీ డబ్లిన్ వెళ్లారు. తాను అద్దెకున్న ఇంటి యజమాని కూతురు మేరియన్ విన్‌ను 1799లో పెళ్లాడారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 1801 నుంచి ఐర్లండ్‌కు సొంత పార్లమెంటు లేకుండా పోయింది. ప్రభువులు, సంపన్నులు లండన్ దారి పట్టారు. వారితోపాటే చిత్రపటాలు వేయించుకునే గిరాకీ పడిపోయింది. చినరీ సోదరుడు జాన్ అప్పటికే మద్రాసులో ఉన్నారు. భార్యాబిడ్డలను వెనక వదిలి చినరీ ఓడెక్కారు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఇంగ్లండ్ గడప తొక్కలేదు.

మేకు లేని పడవ

మద్రాసులో దిగినప్పుడు ఆయన్ను మోసిన పడవను మసులా అనేవారు. ఆ పేరుకు మచిలీపట్నంతో సంబంధం ఉందని కొందరంటారు. పేరు ఎక్కడిదైనా పడవ మాత్రం కోస్తా ఆంధ్ర పల్లెకారులకూ బాగా తెలిసినదే. అలివి వలలు వేయడానికి ఇలాంటి పడవలనే వాడేవారు.

మసులా పడవలో ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకలకు అంచుల వెంట బెజ్జాలు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో గుడ్డ కుట్టినట్టు కుడతారు. కుట్ల సందుల్లో గడ్డి, పీచు కూరుతారు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది. అల ఎత్తి ఇసుక మీద పడేసినప్పుడు ఈ పడవ పగలదు, కాస్త వంగి సర్దుకుంటుంది. నీళ్లు కారుతూనే ఉంటాయి, ఒకరు తోడి పోస్తూనే ఉంటారు. పది మంది వరకు తెడ్లు వేసేవారు, వెనక నిలబడి దారి చూపే తండేలు. ఏ అల మీద ఎక్కాలో, ఏ అలను పోనివ్వాలో చెప్పేది తండేలే. ఆ మాటకు తెడ్లన్నీ ఒక్కసారిగా లేవాలి, ఒక్కసారిగా పడాలి.

మసులా పక్కనే కట్టుమరాలు నడిచేవి. తెలుగువారు తెప్ప అనేది ఇదే. రెండు మూడు దుంగలు తాళ్లతో బిగించి కట్టిన దాని మీద మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేసేవారు. ఎవరైనా నీళ్లలో పడితే వారిని పైకి లాగడం ఆ తెప్పల వాళ్ల పని. ఓడలకు ఉత్తరాలు చేరవేసేదీ వాళ్లే. కాగితం తడవకుండా తలకు పెట్టుకున్న కోసు టోపీలో దాచుకునేవారు.

వచ్చిన ప్రతి తెల్లవాడూ ఈ అలల ప్రయాణం గురించి ఇంటికి రాసుకున్నాడు. చినరీకి ముందు థామస్, విలియం డేనియల్‌లు కూడా కోట ముందు అలలను, పడవలను చిత్రించి అచ్చు వేశారు. అయితే వారి దృశ్యంలో కోటదే పైచేయి. గోడలు, ఇళ్లు, జెండా ముందు పడవ ఒక అలంకారం. చినరీ ఇసుక మీదికి దిగి, దగ్గరగా చూశారు. పడవను నీళ్లలోకి నెట్టే భుజాలు, తడిసిన పంచెలు, ఒడ్డున వంకరగా ఒరిగిన ఖాళీ మసులా, దాని నీడలో కూర్చున్న మనుషులు ఆయన కాగితం మధ్యలోకి వచ్చారు. మద్రాసులో ఉండగానే స్థానిక జనజీవనం మీద రాగిరేకు చెక్కడాలు కూడా వేశారు.

తడి ఆరేలోగా

నూనె రంగులకు గది కావాలి, కాలం కావాలి, ఎదురుగా కదలకుండా కూర్చునే మనిషి కావాలి. ఒడ్డున ఈ మూడూ దొరకవు. అల ఆగదు, పడవ ఆగదు. నీటి రంగులు ఇక్కడే అక్కరకొచ్చాయి. 1780ల నాటికే లండన్‌లో రీవ్స్ సోదరులు గట్టి బిళ్లల రూపంలో నీటి రంగులు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. కుంచె తడిపి బిళ్ల మీద రుద్దితే చాలు. పెట్టెను సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. కంపెనీ సైనికాధికారులు, సర్వేయర్లు, వారి భార్యలు అందరూ అలాంటి పెట్టెలతోనే ఇండియాకు వచ్చేవారు.

సముద్రపు ఒడ్డును ఈ రంగుల్లో వేయడం కనిపించినంత తేలిక కాదు. నీటి రంగుల్లో తెలుపును పూయరు, కాగితాన్నే తెల్లగా వదిలేస్తారు. అంటే నురగ ఎక్కడ ఉండాలో ముందే తెలిసి ఆ చోటును ముట్టుకోకుండా చుట్టూ రంగు నింపాలి. తప్పితే దిద్దుకోవడం కష్టం. మద్రాసు వేడికి పలుచని పూత క్షణాల్లో ఆరిపోతుంది. వానాకాలం వస్తే కాగితం చెమ్మగిల్లి బూజు పడుతుంది.

చినరీ పద్ధతి పొదుపైనది. ముందు పెన్సిల్‌తో మనుషుల నిలకడను, పడవ ఒంపును పట్టుకుంటారు. తర్వాత కలంతో గోధుమ రంగు సిరా గీతలు. వాటి మీద ఇసుకకూ ఆకాశానికీ పలుచని పూత. ఎక్కడో ఒకచోట, ఒక తలపాగాకో నడుం గుడ్డకో, చిటికెడు ఎరుపు. ఆ ఎరుపు ఆయన సంతకం లాంటిది. నూనె చిత్రాల్లో సైతం నీడల్లో ఎరుపు తొంగిచూస్తుంది.

ఒడ్డు దాటిన ఇద్దరు పిల్లలు

మద్రాసులో ఆయన బతుకుతెరువు మాత్రం రూపచిత్రాలే. వాటిలో ఒకటి హైదరాబాద్ చరిత్రలో భాగమైంది.

1805లో చినరీ ముందుకు ఇద్దరు పిల్లలు వచ్చారు. బాబుకు నాలుగేళ్లు, పాపకు మూడేళ్లు. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అన్నవి వారి ముద్దుపేర్లు. తండ్రి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు. ఒకప్పటి కోఠి మహిళా కళాశాల ప్రాంగణంలో ఉన్న రెసిడెన్సీ భవనాన్ని కట్టించింది ఆయనే. తల్లి ఖైరున్నీసా హైదరాబాద్ ఉన్నత కుటుంబపు అమ్మాయి. పిల్లలను చదువుకోసం ఇంగ్లండ్ పంపాలని తండ్రి నిర్ణయించారు. తల్లి హైదరాబాద్‌లోనే ఉండిపోయింది.

జరీ దుస్తులు, టోపీలతో హైదరాబాదీ దర్బారు వేషంలో నిలబడ్డ ఆ పిల్లలను చినరీ దాదాపు నిలువెత్తు నూనె చిత్రంగా వేశారు. అది పూర్తయ్యాక, ఆ సెప్టెంబర్‌లో, పిల్లలు మద్రాసు ఒడ్డు నుంచి ఓడెక్కి వెళ్లిపోయారు. ఓడ చేరాలంటే వారూ ఆ అలలు దాటాల్సిందే. చినరీ నీటి రంగుల్లో ఒక అందమైన దృశ్యంగా కనిపించే ఆ నురగ వరస, వారికి తల్లితోనూ భాషతోనూ మతంతోనూ తెగిన గీత. ఇంగ్లండ్‌లో వారికి క్రైస్తవ పేర్లు పెట్టారు. విలియం, కేథరిన్. వాళ్లు వెళ్లిన కొద్ది వారాలకే తండ్రి కలకత్తాలో చనిపోయారు. ఖైరున్నీసా తర్వాత కొన్నేళ్లు మచిలీపట్నంలో ప్రవాస జీవితం గడిపి, 1813లో కన్నుమూసింది. పిల్లలను మళ్లీ చూడలేదు.

ఆ చిత్రం మాత్రం సముద్రం దాటింది. హైదరాబాద్ రెసిడెన్సీలో కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసి, తర్వాత అక్కడే రెసిడెంటు అయిన హెన్రీ రస్సెల్ చేతికి చేరి, ఇంగ్లండ్‌లోని ఆయన ఇంట్లో వేలాడింది. దశాబ్దాల తర్వాత ఆ ఇంటికి అతిథిగా వెళ్లిన కేథరిన్, గోడ మీద తననూ తన అన్ననూ చూసి ఏడ్చేసింది. రస్సెల్ తన వీలునామాలో దాన్ని ఆమెకే రాసిచ్చారు. డబ్బు కోసం చినరీ వేసిన ఎన్నో ముఖాల పేర్లు ఇవాళ ఎవరికీ పట్టవు. ఈ రెండు ముఖాలు మాత్రం మరపురాలేదు.

అప్పులు, పరుగులు

1807లో చినరీ మద్రాసు వదిలారు. కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ హెన్రీ రస్సెల్ చిత్రపటం వేసే పని దొరికింది. ఈయన పైన చెప్పిన రస్సెల్‌కు తండ్రి. ఆ తర్వాత ఢాకాలో, అక్కడి కలెక్టర్ చార్లెస్ డాయిలీతో కలిసి కొన్నేళ్లు గడిపారు. డాయిలీ ఆయనకు శిష్యుడూ మిత్రుడూ. సముద్రం లేని ఆ ఊళ్లో నదుల ఒడ్డు, పూరి గుడిసెలు, శిథిలమైన మొఘల్ గోడలు, పశువులు ఆయన కాగితాల మీదికి వచ్చాయి.

1812లో తిరిగి కలకత్తాకు మకాం మార్చారు. బెంగాల్‌లో ఆయనే అగ్రశ్రేణి చిత్రకారుడు. వచ్చే డబ్బు ఎక్కువే, పోయేది ఇంకా ఎక్కువ. ఒప్పుకున్న చిత్రాలు పూర్తి చేయరు, తీసుకున్న అప్పులు తీర్చరు. ఇంగ్లండ్‌లో పుట్టింటి ఆసరా కూడా పోయింది. ఖజానా శాఖలో పెద్ద ఉద్యోగి అయిన సోదరుడు విలియం సర్కారు సొమ్ము కాజేసి ఆ ఏడాదే దేశం వదిలి పారిపోయారు. 1818లో భార్య మేరియన్ కలకత్తా చేరారు. 16 ఏళ్ల ఎడబాటు తర్వాత కలిసిన కాపురం కుదురుకోలేదు. ఈలోగా చినరీకి వేరే స్త్రీ వల్ల ఇద్దరు కొడుకులు పుట్టారు. భార్య వల్ల కలిగిన కొడుకు జాన్ బెంగాల్‌లోనే చిన్న వయసులో మరణించాడు.

అప్పులవాళ్ల ఒత్తిడి పెరగడంతో 1822లో హుగ్లీ ఒడ్డునున్న శ్రీరాంపూర్ వెళ్లిపోయారు. అది అప్పట్లో డెన్మార్క్ పాలనలోని ఊరు, బ్రిటిష్ కోర్టుల వారెంట్లు అక్కడ చెల్లవు. 1825లో ఇంకా దూరం పోయారు. ఆరోగ్యం కోసమని చెప్పి చైనా ఓడెక్కారు. మరి తిరిగి రాలేదు.

మకావ్ ఒడ్డు

పోర్చుగీసుల చేతిలోని మకావ్‌లో ఆయన 27 ఏళ్లు బతికారు. పక్కనే కాంటన్‌లో విదేశీ వర్తకులకు చోటుండేది, విదేశీ స్త్రీలకు ప్రవేశం లేదు. భార్య వెతుక్కుంటూ వస్తే కాంటన్‌లో దాక్కోవచ్చని చినరీ హాస్యమాడేవారట. తన ముఖం మీద తానే జోకులు వేసుకోవడం, మద్యం ముట్టకపోవడం, తిండికి మాత్రం లోటు చేసుకోకపోవడం ఆ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులు.

మకావ్ ముందు అర్ధచంద్రాకారంలో వంగిన తీరం పేరు ప్రాయా గ్రాండే. వరసగా తెల్లని ఇళ్లు, ముందు అలలు లేని నీళ్లు. మద్రాసుకు ఇది పూర్తిగా విరుద్ధం. అక్కడ కదలికను పట్టిన కుంచె, ఇక్కడ నిశ్చలతను పట్టడం నేర్చుకుంది. పొద్దున్నే బయటికి వచ్చి గీయడం ఆయన దినచర్య. నీళ్ల మీదే పుట్టి, నీళ్ల మీదే బతికే తాంకా జనం ఆయన్ను బాగా ఆకట్టుకున్నారు. గుడ్డు ఆకారపు చిన్న పడవల్లో ప్రయాణికులను ఒడ్డు చేర్చే తాంకా స్త్రీలు, వెదురు చాప పైకప్పు కింద వండుకునే కుటుంబాలు, ఇసుక మీద వలలు ఆరేసే జాలర్లు, వీధి మంగళ్లు, కమ్మరులు, జూదమాడే కూలీలు, పందులు. వందల కాగితాలు నిండాయి.

ఆ కాగితాల అంచుల్లో చిన్న చిన్న వంకర గీతలు కనిపిస్తాయి. చాలాకాలం వాటిని ఎవరూ చదవలేకపోయారు. అవి చిన్ననాటి షార్ట్‌హ్యాండ్ గీతలు. వాటిని విప్పి చదివిన పరిశోధకులకు ఒక విలేఖరి నోటు పుస్తకం లాంటిది దొరికింది. ఏ రోజు గీశారు, వెలుగు ఎటునుంచి పడుతోంది, ఈ మనిషి ఎత్తు సరిగ్గా వచ్చిందా, ఇక్కడ ఏ రంగు వేయాలి, ఇది మళ్లీ వచ్చి చూసుకోవాలా అనే వివరాలు. అప్పు పత్రాల విషయంలో మాట నిలబెట్టుకోని మనిషి, ఒక పడవ ఒంపు విషయంలో తనకు తాను లెక్క చెప్పుకున్నారు.

ఇందులో ఇంకో కోణమూ ఉంది. మకావ్‌లో ఆయన్ను పోషించినవారిలో నల్లమందు వర్తకులున్నారు. విలియం జార్డిన్ చిత్రపటం వేశారు, డెంట్ కుటుంబం ఆదరణ పొందారు. ఆయన కళ్ల ముందే నల్లమందు యుద్ధం నడిచింది, హాంకాంగ్ బ్రిటన్ చేతికి పోయింది. అంతకుముందు ఆయన మద్రాసులో ఉండగానే 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు జరిగింది. ప్రశాంతంగా ఉండే ఆయన తీర దృశ్యాల్లో ఈ హింస జాడ కనిపించదు. అక్షరాలు, తేదీలు అంత శ్రద్ధగా రాసుకున్నా తాను గీసిన తండేలు పేరో తాంకా స్త్రీ పేరో చరిత్రకు మిగల్లేదు. చిత్రపటానికి డబ్బిచ్చిన దొరకు పేరుంది, పడవ నడిపిన మనిషికి రూపం మాత్రమే ఉంది. అయినా ఆ రూపమైనా దక్కింది ఈయన వల్లే. కెమెరాతో ఫ్రాన్స్‌కు చెందిన జూల్ ఇటియే మకావ్‌లో దిగేసరికి 1844 వచ్చింది. చినరీ అప్పటికే అక్కడ 19 ఏళ్లుగా గీస్తున్నారు.

రెండు తీరాల కథ

1852 మే 30న మకావ్‌లో చినరీ చనిపోయారు. వయసు 78. చేతిలో డబ్బు లేదు. అక్కడి పాత ప్రొటెస్టెంట్ శ్మశానంలో పాతిపెట్టారు. చిత్రాలు చేతులు మారి లండన్, హాంకాంగ్, టోక్యో, లిస్బన్, అమెరికాలోని సేలం మ్యూజియంలు, గ్రంథాలయాలకు చేరాయి.

ఆయన గీసిన తీరాలకు తర్వాత ఏమైందో చూస్తే ఆ కాగితాల విలువ తెలుస్తుంది. మద్రాసులో 1861లో ఇనుప స్తంభాల మీద జెట్టీ కట్టారు. 1870లలో రేవు పనులు మొదలయ్యాయి. కట్టిన గోడలను 1881 తుపాను దెబ్బతీస్తే మళ్లీ కట్టారు. తూర్పు తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుకను ఆ గోడలు అడ్డుకున్నాయి. రేవుకు దక్షిణాన ఇసుక మేట వేసి సముద్రం వెనక్కి జరిగింది. ఉత్తరాన రాయపురం వైపు కోత పడి ఒడ్డు కరిగింది. ఓడలు నేరుగా రేవులోకి వస్తుంటే మసులా పడవతో పని లేకుండా పోయింది. మకావ్‌లో 20వ శతాబ్దంలో ప్రాయా గ్రాండే ముందున్న నీళ్లను పూడ్చి రోడ్లు, భవనాలు వేశారు. చినరీ గీసిన ఆ వంపు ఇప్పుడు నేల మధ్యలో ఉంది.

ఈరోజు చెన్నై మెరీనాలో రోడ్డు దిగినవారు నీళ్లు తాకడానికి వందల మీటర్ల ఇసుకలో నడవాలి. ఆ ఇసుకలో చాలా భాగం చినరీ దిగిన రోజున లేదు. అప్పట్లో సముద్రం కోట గోడలకు దగ్గరగా ఉండేది. ఆ దగ్గరతనాన్నీ, కుట్టు పడవలనూ, వాటిని భుజాలతో నీళ్లలోకి నెట్టిన మనుషులనూ చూడాలనుకునేవారికి ఇప్పుడు దిక్కు ఆ చిన్న కాగితాలే. వాటి మీద నురగ ఉన్నచోట రంగు లేదు. రెండు వందల ఏళ్ల నాటి కాగితం అలాగే ఖాళీగా ఉంది.